పమిట దగ్గర ఆగిన చీర

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. కంప్యూటరు ఫలానా ఫైలు కనపడలేదని మొరాయిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. నేను చదివింది మూడో తరగతే, అయినా సరే, మా ఇంట్లో జరిగింది గనక చెబుతాను.

మాది చీరాలలో నేతపని ఇల్లు. మా ఆయన మగ్గం నేస్తారు, నేను నూలు కండెలు చుడతాను, కోడలు చీరలకు బొమ్మలు గీస్తుంది. పూర్వం గళ్ళ కాగితం మీద ఒక పెద్దాయన గీసిచ్చేవాడు. అది చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీద తిరుగుతుంటే బొమ్మ బట్టలోకి దిగుతుంది. కోడలు వచ్చాక ఆ గీతంతా కంప్యూటరులోకి మారింది. సింగరాయకొండలో ఉండే వాళ్ళన్న తన పాతది ఇచ్చాడు, అందులో దాన్ని నడిపే లినక్స్ అని ఒకటి ఎక్కించి.

మొదటిసారి ఆ పిల్ల సొంత ఆలోచనతో పమిటకు మిరపకాయల గుత్తులు గీసింది. ఆయన ఊరుకుంటారా? పేరంటానికి మిరప చేను చుట్టుకుని వెళ్తారా అమ్మాయ్ అని నవ్వారు. మా చీరలు కొనే షావుకారు మాత్రం చూసి ఒప్పుకున్నాడు. మగ్గం మీదికి నిలువు పోగుల పడుగు ఎక్కించాం. చీర ఒళ్ళంతా నేసి పమిట దాకా వచ్చాం. అట్టలు కొట్టించడానికి బొమ్మ కాగితం తీద్దామని కంప్యూటరు తెరిస్తే బొమ్మలు గీసే ప్రోగ్రాం లేవలేదు. లిబ్ అని మొదలయ్యే పేరొకటి చెప్పి, ఆ ఫైలు తెరవలేకపోతున్నానంది.

మగ్గం ఆగింది. ఆయనకు అసలే మగ్గం ఆగితే అన్నం సయించదు.

"రేపు పొద్దుటికి కాగితం చేతికి రాకపోతే పాత బొమ్మల పెద్దాయన దగ్గరికి పోతాను. ఇక ఈ ఇంట్లో బొమ్మలు గీసే పని ఉండదు" అన్నారు.

కోడలి మొహం వాడిపోయింది. వాళ్ళన్నకు ఫోను చేస్తే, అదే పేరున్న ఫైలు తన కంప్యూటరులోంచి తీసి పంపాడు. పెట్టి చూస్తే ప్రోగ్రాం లేవలేదు సరిగదా, ఇంకో కొత్త ఫిర్యాదు చెప్పింది. ఈ ఫైలు వేరే రకం, నాకు కావలసింది ఇది కాదని. ఒక మగ్గం అచ్చు, అదే పోగులు దూర్చే దువ్వెన, తెచ్చి ఇంకో మగ్గం పడుగుకు బిగిస్తే పడుతుందా? పళ్ళ లెక్క కలవద్దూ?

మధ్యాహ్నం అన్నాలయ్యాక నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. అసలు ఏమేం కావాలంటోందో దాన్నే అడగమన్నాను. అడిగే మాట ఒకటుందట, ఎల్ డి డి అని. అది కొట్టి పక్కన ప్రోగ్రాం పేరు పెడితే, దానికి కావలసినవన్నీ వరసగా వచ్చాయి. ప్రతిదాని ఎదుటా అది ఎక్కడుందో చిరునామా ఉంది. ఒక్కదాని ఎదుట మాత్రం లేదు అని ఉంది.

"ఆ పేరు పైకి చదువు" అన్నాను.

చదివింది. నాకు ఆ పేరు కొత్త కాదు. శనివారం నేను రాట్నం దగ్గర ఉన్నప్పుడు ఆ పిల్ల కంప్యూటరు సర్దుతూ ఒక్కో పేరూ పైకి చదివింది. ఆ పిల్లకు అలవాటు అది.

"శనివారం ఈ పేరు చదివావు. ఇది పాత బిల్లులదిలే, మనకెందుకు అని పక్కకు తోశావు" అన్నాను.

"అవునత్తయ్యా, బిల్లుల ప్రోగ్రాం వాడటం మానేశాంగా, అందుకే దాని ఫోల్డరు పాతవాటిలోకి నెట్టాను."

అదీ సంగతి. ఆ ఫోల్డరులో ఉన్న ఆ ఫైలు బిల్లులకొక్కదానికే కాదు, బొమ్మలకూ అదే. రెంటికీ ఉమ్మడి. ఇంట్లోంచి ఎక్కడికీ పోలేదు, చోటు మారింది. మా ఆయనా ఇంతే. కండెల గంప ఎడంపక్క ఉండాలి. ఎప్పుడైనా ఊడ్చేటప్పుడు కుడిపక్కకు జరిపితే, ఎడంచెయ్యి చాపి, కండెలు అయిపోయాయే అని కేకేస్తారు. తల తిప్పరు. కంప్యూటరు కూడా అలవాటైన చోట్లలోనే వెతుకుతుంది, అక్కడ కనపడకపోతే లేదనేస్తుంది.

ఆ పిల్ల ముందు అన్న పంపినదాన్ని తీసేసింది. ఫోల్డరును దాని పాత చోటికి చేర్చింది. ఎల్‌డి‌కాన్ఫిగ్ అని ఇంకో మాట కొట్టింది. ఎక్కడెక్కడ ఏముందో మళ్ళీ చూసి రాసుకోమని దానికి చెప్పడమట అది. మళ్ళీ వరస అడిగితే, లేదు అన్న మాట ఎక్కడా లేదు. నొక్కగానే ప్రోగ్రాం లేచింది, మిరపకాయలు తెర నిండా వచ్చాయి.

సాయంత్రానికి అట్టలు కొట్టేవాళ్ళకు కాగితం వెళ్ళింది. అట్టలు వచ్చాక పమిట మొదలుపెట్టారు. రెండు గుత్తులు బట్టలోకి దిగాయి. కోడలు గుమ్మం దగ్గరే నిలబడింది.

"అమ్మాయ్, తర్వాతి చీరకు ఏం గీస్తున్నావ్?" అన్నారు, మగ్గం మీంచి చూపు తిప్పకుండా.

అప్పుడు చూడాలి ఆ పిల్ల మొహం.

విన్న మీ ఇల్లు పచ్చగా ఉండాలి. మీ ఆడపిల్లలూ కోడళ్ళూ ఏ పనికి చెయ్యి పెట్టినా ఆ పని వాళ్ళ చేతిలోనే పూర్తి కావాలి.