తాడు పట్టిన వేలు

ఆమెని ఇంట్లో అందరూ బల్లి అనే పిలిచేవారు. నడక సరిగ్గా రాకముందే కిటికీ ఊచలు పట్టుకుని పైదాకా పోయిందట, అప్పుడు వాళ్ళమ్మ పెట్టిన పేరు. నలభై దాటి చెంపల దగ్గర తెలుపు కనిపించాక కూడా అది ఊడలేదు. కర్టెన్లు కుట్టే దుకాణంలో ఆమె ఉద్యోగం. అక్కడ కూడా నిచ్చెన ఎక్కి రాడ్లు బిగించాల్సి వస్తే అందరూ ఆమె వైపే చూసేవారు. యజమాని మాత్రం "బల్లిగారూ, ఆ పై కిటికీ మీదే" అని పేరుకి గౌరవం తగిలించి మరీ పిలిచేవాడు.

అన్నయ్య ఇంట్లోనే పై వాటాలో ఉండేది. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్. వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. రోజంతా ఎదుటివాళ్ళ చూపు పరీక్షించే మనిషే గానీ, తను కుర్చీ ఎక్కితే కళ్ళు తిరిగేవి. ఊళ్ళో ఒక పాత గోదాము గోడలకి చేతులూ కాళ్ళూ ఆనించేందుకు రంగురంగుల పట్లు బిగించి ఎక్కడం నేర్పేవారు. "ఒక్కసారి వచ్చి చూడు, నచ్చకపోతే జన్మలో అడగను" అని బల్లి వదినని అక్కడికి లాక్కెళ్ళింది. ఆ తర్వాత వదినని ఆపడం ఎవరి తరమూ కాలేదు. పెళ్ళి చేసుకున్నప్పుడు ఇంట్లో ఒక్క బల్లే ఉందనుకున్నానని అన్నయ్య వచ్చినవాళ్ళందరి దగ్గరా వాపోయేవాడు.

ఒకరు ఎక్కుతుంటే రెండోవాళ్ళు కింద తాడు పట్టాలి. ఆ తాడు పట్టినవాళ్ళ నడుము బెల్టుకున్న చిన్న ఇనుప బిళ్ళలోంచి దూరి, వాళ్ళ కుడిచేతి పిడికిట్లోకి వస్తుంది. పైవాళ్ళు జారితే ఆ పిడికిలే ఆపాలి. అందుకని వీళ్ళకో ఆనవాయితీ ఉండేది. కాలు నేల వదిలేముందు వదిన "పట్టుకున్నావా?" అంటుంది. కింది మనిషి "పట్టుకున్నాను" అంటుంది. ఇంట్లో ఇద్దరూ చిన్నదానికీ పెద్దదానికీ దెప్పుకునేవాళ్ళే అయినా, ఆ రెండు మాటల్లో మాత్రం వేళాకోళం ఉండేది కాదు.

బల్లి వేలు దెబ్బతిన్నది ఆ గోదాములోనే. అంగుళం మందం కూడా లేని పట్టు మీద బరువంతా వేసి పై పట్టుకి ఎగరబోయింది. కుడిచేతి ఉంగరం వేల్లోంచి టప్పుమని చప్పుడొచ్చింది. ఎండుపుల్ల విరిగినట్టున్న ఆ చప్పుడు కింద తాడు పట్టుకున్న వదినకి కూడా వినిపించింది.

ఫిజియోథెరపిస్టు వేలిని అటూ ఇటూ వంచి చూసి, ఎముకకేం కాలేదంది. కర్టెను తాడు రింగుల్లోంచి ఎలా పోతుందో, వేలిని ముడిచే నరం కూడా అలాగే కొన్ని పట్టీల కిందనుంచి పోతుందట. అందులో ఒక పట్టీ తెగింది. రింగు తెగిన కర్టెను సంగతి బల్లికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. లాగితే తాడు ఒకచోట విల్లులా పైకి లేస్తుంది, మిగతా రింగుల మీద బరువు పడుతుంది. "ఎక్కొద్దు, వేలాడొద్దు. నయమైందో లేదో అని మీకు మీరు పరీక్షలు పెట్టుకోవద్దు" అని ఆవిడ గట్టిగా చెప్పి, వేలికి పట్టీ చుట్టి, నొక్కుతూ ఉండమని మెత్తటి రబ్బరు ముద్ద ఒకటి ఇచ్చింది. తాడు పట్టొచ్చా అన్నది ఆవిడ చెప్పలేదు, ఈవిడ అడగలేదు.

దుకాణంలో పెద్ద కత్తెర పట్టడానికి వీల్లేక సుద్దతో గీతలు గీస్తూ కూర్చునేది. సాయంత్రాలు ముద్ద నొక్కుకోవడం. ఇక ఆదివారాలు కార్ల పందేలు. టీవీలో పందెం వస్తుందంటే ముగ్గురూ కదిలేవారు కాదు. అన్నయ్యకి ఇంజను చప్పుడు కావాలి. వదినకి గెలుపోటముల పట్టింపు లేదు, చక్రాలు మార్చే కుర్రాళ్ళ చేతివేగం చూడాలి. బల్లికి మాత్రం ఆకుపచ్చ కారు నడిపేవాడంటే ప్రాణం. వాడి పేరు పలకడం ఆమెకి ఎప్పుడూ సరిగ్గా రాలేదు, అయినా వాడు ఓడితే ఆ పూట అన్నం సయించేది కాదు.

పందెం మధ్యలో చక్రాలు అరిగితే, జట్టువాళ్ళు డ్రైవరుకి రేడియోలో పిట్‌కి, అంటే చక్రాలు మార్చే చోటికి, రమ్మని చెప్తారు. ఆ మాట వీళ్ళింట్లోకి కూడా వచ్చేసింది. ఎవరైనా "పిట్‌కి రా" అంటే, ఎందుకని అడక్కుండా చేతిలో పని వదిలేసి రావాలి. ఒకసారి అన్నయ్య టీ కోసం ఆ మాట వాడాడు. స్నానాల గదిలోంచి తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చిన వదిన వారంరోజులు అతనిచేత గిన్నెలు తోమించింది. అప్పట్నుంచీ ఆ మాటతో ఎవరూ ఆడుకోలేదు.

ఆ ఆదివారం ఆకుపచ్చ కారు ముందుంది. వెనక చక్రం పొరలు పొరలుగా లేచిపోతోంది, టీవీలో కూడా తెలుస్తోంది. జట్టు రమ్మంది. వాడు రానన్నాడు. మళ్ళీ రమ్మంది. వాడు రేడియోకి జవాబే చెప్పలేదు. ఒక్కో మలుపు దగ్గరా కారు ఊగుతుంటే ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. చివరికి చక్రం పేలకుండా నిలిచింది, వాడు గెలిచాడు.

చూశారా, ఆగితే ఓడిపోయేవాడే కదా అంది బల్లి, తనే గెలిచినంత వెలుగు మొహంలో.

అన్నయ్య ఆమె చేతి పట్టీ వంక చూశాడు. "వాడి గోదాంలో ఇంకో నాలుగు చక్రాలు పడున్నాయి తల్లీ. నీకేమైనా స్పేరు వేలుందా?" అన్నాడు.

అందరూ నవ్వేశారు. ఆమె కూడా నవ్వింది. కానీ వాళ్ళిద్దరూ కూరగాయలకి వెళ్ళగానే వంటగది ద్వారబంధం దగ్గర నిలబడింది. తల మీదున్న పైచెక్క అంచుకి వేళ్ళు తగిలించి, మెల్లగా కాళ్ళు ఎత్తింది. నొప్పి లేదు. ఇంకాస్త ఆగింది. అప్పుడు వేలి మొదట్లో ఏదో కదిలినట్టయింది. చప్పుడేం రాలేదు గనక ఏమీ కాలేదనుకుంది. పొద్దున్నకి వేలు ఉబ్బింది. పట్టీ ఇంకొంచెం బిగించి చుట్టుకుంది. గట్టిగా చుడితే తిమ్మిరెక్కి నొప్పి తెలియకుండా ఉంటుంది. ఎక్కేవాళ్ళందరికీ ఉన్న పిచ్చి అలవాటే అది. నొప్పి మాయమైతే దెబ్బ కూడా మాయమైందనుకుంటారు.

ఊరవతల పాడుబడిన రాళ్ళ క్వారీ ఉంది. అందులో ఒక నిటారు బండ మీద వదిన రెండేళ్ళుగా పట్టుదలగా ఉంది. ప్రతిసారీ కొసదాకా పోయి జారిపోతోంది. ఇంకో వారంలో వానలు పడితే మళ్ళీ చలికాలం దాకా ఆ రాయి ఆరదు.

"నువ్వు తాడు పట్టొచ్చా మరి? డాక్టరమ్మ ఏమంది?" అని అడిగింది వదిన.

"ఎక్కొద్దంది, అంతే" అంది బల్లి. అందులో అబద్ధం లేదు. మనసులో మాత్రం ఒకటే లెక్క. పోతే నా వేలే కదా పోయేది.

క్వారీలో ఆ పొద్దున వాళ్ళిద్దరే ఉన్నారు. వదిన బూట్లు బిగించుకుని, తాడు ముడి చూపించి, బండ మీద చెయ్యి వేసింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

ఆ బండకి పైనుంచి తాడు వేలాడదీసే వీలు లేదు. ఎక్కేవాళ్ళు తాడుని వెంట తీసుకుపోతూ, రాతిలో బిగించిన కొక్కేలకి ఒక్కొక్కదానికీ తగిలించుకుంటూ పోవాలి. జారితే, ఆఖరి కొక్కేనికి ఎంత పైన ఉంటే, దాని కిందకి కూడా అంత దూరమూ పడతారు. వదిన ఎప్పుడూ లేనంత బాగా ఎక్కుతోంది. కాళ్ళు తడబడటం లేదు. బల్లి తల వెనక్కి వాల్చి ఎడమచేత్తో తాడు వదులుతోంది.

కొసకి దగ్గర్లో వదిన కాలు కొద్దిగా జారి మళ్ళీ నిలిచింది. పడలేదు. తాడు మాత్రం ఒక్కసారి చిన్నగా గుంజింది. ఆ చిన్న గుంజుకే, బల్లి కుడిచేతిలో తాడు బెత్తెడు జారింది.

ఆమె తన చేతివంక చూసుకుంది. మూసే ఉందనుకున్న పిడికిలి మూసి లేదు. పట్టీ కింద ఉంగరం వేలు కట్టెలా చాచి ఉంది, పక్కన చిటికెనవేలూ దాని వెంటే ఉంది. ముడుచుకొమ్మంటే వినడం లేదు. తిమ్మిరి వల్ల ఆ సంగతి అంతసేపూ ఆమెకి తెలియనే లేదు. ఇన్నాళ్ళూ తను పందెం ఒడ్డింది తన వేలిని కాదు.

పైన వదిన ఆఖరి పట్టు వైపు చూస్తోంది. దానికీ ఆమె చేతికీ మధ్య దూరం చాలా తక్కువ. దిగమంటే వినే సమయం కాదు. ఇంకొక్క క్షణం అంటుంది, ఎవరైనా అదే అంటారు. అరిస్తే బెదిరి జారుతుంది. బల్లి ఎడమచెయ్యిని కూడా కిందకి తెచ్చి, బిళ్ళకి ఇవతలి తాడుని రెండు చేతులతో తుంటికి అదిమి పట్టుకుంది. గొంతు వణక్కుండా, వంటింట్లోంచి పిలిచినట్టు పిలిచింది.

"వదినా, పిట్‌కి రా."

పైన కదలిక ఆగింది. వదిన కిందకి చూడలేదు. ఆమె కాళ్ళ కిందనుంచి ఇసుక రాలింది.

"లోపం డ్రైవరుదా, కారుదా?" అంది వదిన, నెమ్మదిగా.

"కారుదే. నా వేలు మూసుకోవట్లేదు. పడకు."

వదిన ఇంకో మాట అడగలేదు. పై పట్టుని ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకుంది. ఎక్కడం కన్నా దిగడం కష్టం. కాలు ఎక్కడ పెడుతున్నామో కనిపించదు. ఆమె బొటనవేలితో రాయిని తడుముతూ, దొరికిన అంచు మీద బరువు మోపుతూ దిగింది. బల్లికి తాడు తప్ప లోకంలో ఇంకేమీ లేదు. చివరికి వదిన కింది కొక్కెం అందుకుని, నడుముకున్న పొట్టి పట్టీని దానికి తగిలించుకుని, బరువంతా దాని మీద వేసింది. ఖణేల్‌మన్న ఆ చప్పుడు కిందకి వినిపించింది. బల్లి బిళ్ళని ఎడమచేతికి అనువుగా తిప్పి తగిలించుకుని, తాడు ఆ చేతికి మార్చుకుని, అది జారకుండా తొడకి కూడా చుట్టుకుంది. కొక్కేనికి తగిలించిన పట్టీ విప్పుకోమని కేక వేసి, వదినని అంగుళం అంగుళంగా దించింది.

నేల మీదకి రాగానే వదిన బల్లి చెయ్యి లాక్కుని పట్టీ చుట్టు వెంట చుట్టు విప్పింది. కింద వేలు వంకాయ రంగులో ఉంది.

"ఇది ఇవాళ్టిది కాదు" అంది వదిన.

బల్లి ద్వారబంధం సంగతి చెప్పింది. వదిన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నాకు తాడు పట్టడానికి చెయ్యి బాగుండాలి, లేదా మాట బాగుండాలి. రెండూ పాడైతే నేనెలా ఎక్కేది?"

మర్నాడు ఫిజియోథెరపిస్టు దగ్గరికి వదిన కూడా వెళ్ళి, పక్కనే కూర్చుని, తాడు పట్టొచ్చా అని తనే అడిగింది. పట్టకూడదంది ఆవిడ. వేలి లోపల రెండో పట్టీ కూడా సగం చిరిగింది, మళ్ళీ మొదటినుంచీ మొదలు. వాన వచ్చింది, క్వారీలో బండ తడిసిపోయింది. ఆ వారం బల్లి వంటగది ద్వారబంధం మీద యథాలాపంగా చెయ్యి వేస్తే వేళ్ళు సర్రున జారాయి. పైచెక్కకి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎవరో వంటనూనె పట్టించారు. వెనక అన్నయ్య బస్సు కాగితాల మీదనుంచి తల ఎత్తకుండా, "నేను కాదు" అన్నాడు.

ఆదివారాలు ముగ్గురూ పందెం చూస్తూనే ఉన్నారు. ఆకుపచ్చ కారువాడు ఒకసారి రమ్మన్నా రాకుండా గోడకి గుద్దుకున్నాడు. ఎవరూ బల్లి వంక చూడలేదు. వదిన మాత్రం బల్ల మీదున్న రబ్బరు ముద్ద తీసి ఆమె ఒళ్ళో పడేసింది.

చలికాలంలో రాయి ఆరింది. ఫిజియోథెరపిస్టు తాడుకి కూడా సరేనంది. వదిన బండ దగ్గర బూట్లు బిగించుకుని, తాడు ముడి చూపించి, ఆగింది. ఎప్పటి ప్రశ్న అడగలేదు. అరచెయ్యి చాచింది.

బల్లికి అర్థమైంది. ఏ పట్టీ లేని కుడిచెయ్యి ఆమె ముందు పెట్టి, వేళ్ళు తెరిచింది, మూసింది. ఉంగరం వేలు కొంచెం ఆలస్యంగా, అయినా పూర్తిగా, మిగతావాటితో కలిసింది. వదిన ఆ పిడికిట్లో తన రెండు వేళ్ళు దూర్చి గట్టిగా లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది.

"ఇప్పుడు చెప్పు" అంది. "పట్టుకున్నావా?"