బీడీల వాకిట్లో చదివిన ఉత్తరాలు

ఇది ఇన్నేళ్ళు ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం అంతగా రాదు. అక్షరాలు నలభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. నా పేరుతో పోయిన ఉత్తరాలు మాత్రం పోయిన వారమే నా చేతికి వచ్చాయి. చెల్లె వాటిని బియ్యం డబ్బాలో దాచిందట. విప్పితే వేపాకు వాసన.

కతర్‌లో ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. అక్కడ ముఐథర్ అనే పేటలో ఒక యూరప్ కుటుంబం ఇంట్లో పనిచేసేదాన్ని. దొర స్టేడియం ఇంజనీరు. పక్కింటి వంటామె హైదరాబాద్ మనిషి, అక్కా అన్నట్టు ఆపా అనేదాన్ని. సాయంత్రం కుక్కను తిప్పే వేళ గోడవారన కూర్చుని నేను చెప్పేదాన్ని, ఆమె రాసేది. సెలవు మీద ఊరికి పోయే వాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం.

ఊరంతా ఎండకు దాక్కుంటే మా దొరసాని నూనె పూసుకుని ఎండలో పడుకుంటుందని రాయించాను. చంటిపిల్లను వేరే గదిలో పడుకోబెట్టి కుక్కను మంచమెక్కిస్తారని, సొంత తమ్ముడైనా వారం ముందు అడిగి గానీ రాడని రాయించాను. విందుకొచ్చిన వాళ్ళు ఎండలో పనిచేసే కూలీలను తలచుకుని కళ్ళు తుడుచుకున్నారని, ఆ వెంటనే ఏసీ ఇంకాస్త పెంచమని నాకు చెప్పారని కూడా.

చెల్లె వాటిని వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళందరికీ గట్టిగా చదివేది. మా దగ్గర ఉత్తరం వాకిలందరిదీ. శుక్రవారం ఒక్కరోజే నాకు ఫోన్ దొరికేది. అప్పుడూ స్పీకరే. మా వాళ్ళకు గల్ఫంతా దుబాయే. "ఓ దుబాయక్కా, నీ దొరసాని ఇంకా ఎండల ఎండుతాందా?" అని ఎవరో అనడం, అందరూ పగలబడి నవ్వడం. ఆ నవ్వుల్లో నా మనసు బాగలేదని చెప్పే సందు దొరికేది కాదు.

అదే రాయమంటే ఆపా కలం ఆపింది. "అరె పాగల్, ఇది వాకిట్ల చదివే ఉత్తరం. ఏడుపు రాస్తే రేపు నిన్నే ముచ్చట చేస్తరు. నీ చేత్తో నువ్వే రాసుకో."

ఆపా దగ్గర అక్షరాలు నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. అంతలో వాళ్ళ యజమాని ఆపాను హైదరాబాద్ పంపేశాడు. ఇక తెలుగులో మాట్లాడటానికి నాకు కుక్కే మిగిలింది. పెనిమిటి లేడు, నాకంటూ ఇల్లు లేదు. పోతే చెల్లె ఇంటికే పోవాలి. మొదటి ఉత్తరం వంకర అక్షరాలతో రాశాను: "చెల్లే, ఇక్కడ నాకు ఎవరూ లేరు. వస్తే ఉంచుకుంటవా? ఇది వాకిట్ల చదవకు."

నెల తర్వాత ఒక శుక్రవారం ఫోన్లో వాకిలి చప్పుడు లేదు.

"అక్కా, ఏం రాసినవని అందరడిగిన్రు. నేనే కల్పించి చదివిన, కుక్కకు పెండ్లి జేసిన్రని. కడుపు పట్టుకొని నవ్విన్రు." తర్వాత గొంతు తగ్గించింది. "ఇంటికి రాయే అక్కా. అడుగుడేందే?"

ఆ ఒక్క మాట అక్కడికి చేరడానికి మూడేళ్ళు పట్టింది. జవాబు తిరిగి రావడానికి ఒక నెల చాలింది.

మరునాడు పొద్దున దొరసాని కాఫీ తాగుతుంటే ఇంటికి పోతానని చెప్పాను. ఎందుకని అడిగింది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, ఈసారి ఎవరినీ నవ్వించకుండా, ఇక్కడ నాకు ఎవరూ లేరని, చెల్లె రమ్మందని చెప్పాను.