సుజాత యూనిఫాం మీద బొగ్గు మరకలు

నిన్న గోదావరిఖనిలో ఓ దుకాణం ముందు పరీక్ష అట్టలు వేలాడుతుంటే చూస్తూ ఆగిపోయాను. మన బ్యాచ్ వాళ్ళూ, ఏడో తరగతి కామన్ పరీక్ష గుర్తుందా? ఆ అట్టల క్లిప్పుల్లో వేళ్ళు పడి ఎన్నిసార్లు నలిగాయో!

సెలవులయ్యాక బడి తెరిచిన రోజు మార్కులు చెప్పారు. మన సుజాత ఫస్టు. రెండు మార్కుల తేడాతో నేను సెకండు. వాళ్ళ నాన్న మొదటి షిఫ్టు దిగి, గని బట్టలతోనే బడికి వచ్చాడు. "నా బిడ్డ ఫస్టొచ్చింది!" అంటూ అందరి ముందూ సుజాతను ఎత్తుకున్నాడు. తెల్ల యూనిఫాం నిండా బొగ్గు అంటింది.

"బాపూ, అంగి ఖరాబైతది, దించు!" అంటూనే నవ్వింది సుజాత.

ఇంటికెళ్తే మా బాపు ఒక్క మాటే అడిగాడు. "ఆ రెండు మార్కులు ఏడ పోయినయే?"

ఏడాదంతా కసిగా చదివాను. ఎనిమిదిలో నేనే ఫస్టు. బాపు తల ఊపి, మార్కుల కాగితం మీద సంతకం పెట్టాడు. బడి గేటు దగ్గర సుజాత వాళ్ళ నాన్న మాత్రం ఆమెను మళ్ళీ ఎత్తుకున్నాడు.

"నా బిడ్డ సెకండొచ్చింది!"

సుజాతా, నిజం చెప్తున్నా, నీ మీద ఆ కుళ్ళు నాకింకా పోలేదు.