నర్సమ్మ పెన్సిలు

జ్వరమని వెళ్ళినా, వేలు తెగిందని వెళ్ళినా ఆ ఊరి నర్సమ్మ చివర్లో అడిగే ప్రశ్న ఒక్కటే. "రేపు మీకు మాట పడిపోతే మీ తరఫున ఎవరు మాట్లాడాలి?"

జవాబు తన పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేది. మూడు నెలలకోసారి "మనసు మారిందా?" అని అడిగి, రబ్బరుతో చెరిపి మళ్ళీ రాసేది. దర్జీ తన తరఫున భార్య మాట్లాడాలని రాయించి, ఆవిడతో గొడవైనప్పుడల్లా పరిగెత్తుకొచ్చి చెరిపించేవాడు. అతని పేజీ అరిగి చిల్లు పడింది.

ఆవిడ సైకిలు బెల్లు వినబడితే చాలు, వీధి వీధంతా తలుపులు వేసుకునేది. అందరికంటే ముందు వేసేది ఒకింటి చిన్నకోడలు. ఆ ఇంట్లో ఆమె, భర్త, ముసలి మామగారు. అత్తగారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. చావు మాట ఎత్తితే అది ఆ మాట పట్టుకునే ఇంటికొస్తుందని ఆమె భయం.

ప్రతి గురువారం తలుపు చప్పుడయ్యేది.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ," అనేది చిన్నకోడలు లోపలి నుంచి.

"సరేనమ్మా. ఆ లేనివాళ్ళకి చెప్పు, వచ్చే గురువారం వస్తానని."

ఒక పొద్దున మామగారికి పక్షవాతం వచ్చింది. రెండోసారి. నోట మాట లేదు, మింగుడు పడడం లేదు. డాక్టరు చూసి, ఇక కోలుకోరని చెప్పి వెళ్ళాడు. పట్నం నుంచి బావగారు వ్యాను వేసుకుని దిగారు.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం. గొట్టం వేస్తారు. లేకపోతే నలుగురూ ఏమంటారు?"

"నాన్నకి ఇష్టమో కాదో అన్నయ్యా," అని ఆమె భర్త నసిగాడు.

"ఇప్పుడాయన చెప్పగలడా?"

"ఎప్పుడో చెప్పారు," అంది గుమ్మంలోంచి నర్సమ్మ, పుస్తకం తెరుస్తూ. "గొట్టాలు వద్దు. ఇంట్లోంచి కదిలించొద్దు. మంచం కిటికీ పక్కనే ఉండాలి. రేడియోలో వార్తలు పెట్టాలి. మొదట పాటలూ కావాలన్నారు, తర్వాత చెరిపించారు."

"మీరు మా గడప తొక్కిందే లేదట కదా. ఎప్పుడు రాశారు?" అన్నారు బావగారు.

చిన్నకోడలికి నేలలోకి కూరుకుపోతున్నట్టనిపించింది.

"వెనక కిటికీ దగ్గర. ఈ అమ్మాయి చెబితేనే వెళ్ళాను," అంది నర్సమ్మ, రెప్పయినా వేయకుండా. "ఆయన తరఫున చిన్నకోడలే మాట్లాడాలట. 'అది నోరు విప్పదు. విప్పితే అబద్ధం ఆడదు' అన్నారు. ఇదిగోనమ్మా, నువ్వే చూసుకో."

ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. నర్సమ్మ పైకి చదవకుండా మింగేసిన రెండు మాటలు చివర్లో ఉన్నాయి.

'గురువారాలు తప్ప.'

అంటే కిటికీలోంచి ఆయన అన్నీ వింటూనే ఉన్నారన్నమాట. ఆమె చెవులు భగ్గుమన్నాయి. సిగ్గుతో చచ్చిపోతూ మంచం వైపు చూస్తే, ఆయన మూతి ఒక్క పక్కనే కొంచెం పైకి లేచింది.

"మామయ్య ఇక్కడే ఉంటారు, బావగారూ," అంది.

గట్టిగా అన్నది కాదు. అయినా వ్యాను ఖాళీగానే వెనక్కి పోయింది. ఆయన పదకొండు రోజులు వార్తలు విని, పన్నెండో రోజు వాతావరణం చెబుతుండగా వెళ్ళిపోయారు.

నెల తర్వాత ఒక గురువారం సైకిలు బెల్లు మోగింది. వీధిలో తలుపులు టపటపా మూసుకున్నాయి.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

చిన్నకోడలు తలుపు తీసి తల వంచుకుంది. "ఉన్నానండీ. అప్పుడూ ఉన్నాను."

"తెలుసులే," అంది నర్సమ్మ, అప్పటికే పెన్సిలు చెక్కుతూ. "మరి రేపు నీకు మాట పడిపోతే..."

"ముందు లోపలికి రండి, కుర్చీ వేస్తాను. రబ్బరు తెచ్చారా?"