ఇత్తడి పళ్లెంలో నల్లమట్టి

నిన్న హన్మకొండలో పాతసామాన్ల దుకాణం ముందు ఒక ఇత్తడి పళ్లెం చూశాను. ఎనభైల నాటి మన చర్చి గుర్తొచ్చింది. ఈస్టర్‌కు ముందు వచ్చే పరిశుద్ధ గురువారం నాడు సంఘపెద్దలు అలాంటి పళ్లెంలో సభ్యుల పాదాలు కడిగే ఆచారం మీకూ జ్ఞాపకముండాలి. పెద్దల చేతులు మురికి కాకుండా సభ్యులందరూ ఇంట్లోనే సబ్బుతో కాళ్లు తోముకొని వచ్చేవారు.

వినయంలో తనను మించినవారు లేరని సంఘపెద్ద అయిన మా నాన్నగారు స్వయంగా ధ్రువీకరించేవారు. ఒక యేడు ముందు బెంచీ చివర ముఖం మీదికి కొంగు కప్పుకున్న ఒక ముసలామె కూర్చుంది. పాదాల నిండా నల్లరేగడి మట్టి.

"ఇంటికాడ కడుక్కొని రావద్దా, అవ్వా?" అన్నారు నాన్న.

"జర నువ్వే కడుగు బిడ్డా. దూరం నుంచి నడిచొచ్చిన."

నాన్న చేతులు ఆగిపోయాయి. ఆ గొంతు నేనూ గుర్తుపట్టాను. అది మా నాయనమ్మది. పొలం నుంచి మట్టికాళ్లతో వస్తుందని నాన్న ఆమెను బతికినన్నాళ్లూ చర్చి గుమ్మంలో చెప్పుల దగ్గరే కూర్చోబెట్టారు. అంతకు ముందటేడే స్టేషన్ ఘన్‌పూర్‌లో సమాధి చేశాం.

నాన్న నేలకు వంగి చాలాసేపు కడిగారు. తల ఎత్తేసరికి బెంచీ ఖాళీగా ఉంది. పళ్లెంలో నీళ్లు మాత్రం నల్లగా ఉన్నాయి.

ఆ ఈస్టర్ ఆదివారం నుంచి నాన్న కూడా గుమ్మంలో చెప్పుల దగ్గరే కూర్చునేవారు. తన వినయం గురించి మళ్లీ ఎటువంటి ప్రకటనా వెలువరించలేదు. పక్కన ఇంకొకరు కూర్చునేంత చోటు మాత్రం ఎప్పుడూ వదిలేవారు.