ఇరవై నాలుగు కాని రీడింగులు

పెనం మీద గుడ్డు పగలగొడితే చుర్రుమంది. నీళ్లలా ఉన్న సొన చూస్తుండగానే తెల్లబడింది. ఈ పొద్దున అది చూసి సులోచన మేడం గుర్తొచ్చి నవ్వుకున్నాను. వేడికి ప్రొటీన్ మడతలు విడిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయని, కంట్లో శుక్లం కూడా అలాంటి ముద్దేనని నాకు మొదట చెప్పింది ఆవిడే.

మేడం నారాయణగూడలో ఒక మేడ మీద చిన్న ల్యాబ్ నడిపేవారు. నేను ఇంటర్‌తో చదువు ఆపి, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మూడు నెలలు చూసి ఉంచుకుంటానని పనిలో పెట్టుకున్నారు. మేం పరీక్షిస్తున్నది కంటి కటకంలో ఉండే కాపలా ప్రొటీన్. దాని ముక్కలు బంతిలా గుంపుకడతాయి. గుంపుకు ఎన్ని ముక్కలో మెషీన్ రీడింగుల నుంచి లెక్కగట్టడం నా పని. ఎక్కువసార్లు ఇరవై నాలుగు వచ్చేది. ఇరవై ఎనిమిదో, ముప్పై రెండో వస్తే మెషీన్ పొరపాటనుకుని ఎర్ర గీత గీసేవాణ్ణి. మూడో నెల చివర్లో మేడం నా పుస్తకం తెరిచారు.

"ఇవెందుకు కొట్టేశావయ్యా?"

"తప్పొచ్చినయి మేడం."

"ఎవర్నడిగి?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. "ఒక్క వస్తువుకు ఒక్క లెక్కనే ఉండాలె గద మేడం," అన్నాను భయంగా.

ఆవిడ పకపకా నవ్వారు. "పదకొండు మందే ఉండాలనడానికి ఇదేమన్నా క్రికెట్ జట్టా? నిమజ్జనం ఊరేగింపయ్యా ఇది! ఒకడు చేరతాడు, ఒకడు జారుకుంటాడు."

వెంటనే రెండు గాజు గొట్టాల్లో కటకంలోనే ఉండే వేరే ప్రొటీన్ పోసి, ఒకదాంట్లో మాత్రం కాపలా ప్రొటీన్ కలిపి, రెంటినీ వేడినీళ్లలో నిలబెట్టారు. మొదటిది పాలలా తెల్లబడింది. కాపలా ఉన్నది తేటగానే ఉండిపోయింది.

"వేడికి గుంపు వదులవుతుంది. లోపల దాచుకున్న అంటుకునే వైపు బయటికొస్తుంది. చెడిపోబోతున్న ప్రొటీన్‌ని దాంతో పట్టుకుని ముద్దకట్టనివ్వదు. రూపం మార్చుకోకపోతే ఎలా కాపాడుతుంది?"

కొట్టేసిన అంకెలు గీత కింద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఎంత వేడిలో తీసిందో కూడా రాసి ఉంది. అన్నిటినీ వేడిని బట్టి వరసగా రాశాను. "మేడం, జర చూడుండ్రి! వేడి పెరిగినకొద్ది అంకెలు చెదురుతున్నయి!"

ఆవిడ కాగితం రెండుసార్లు చదివారు. కిటికీలోంచి తొంగిచూసి కింది కొట్టుకు టీలు చెప్పారు. "రేపట్నుంచి నువ్వు పర్మినెంటే గానీ, ముందు ఆ ఎర్ర పెన్ను ఇలా ఇయ్యి," అన్నారు.

మేడం ఇప్పుడు లేరు. పొంతనలేని అంకె వస్తే పక్కన చుక్క పెట్టి, ఆ రోజు ఏం మారిందో రాసుకుంటాను. చాలాసార్లు పొరపాటు నాదే. అయినా ఎందుకలా వచ్చిందని అడగకుండా కొట్టేసింది అప్పట్నుంచి ఒక్కటీ లేదు.