పొట్టి కాడలు

భూపాలపల్లిలో సైకిల్ చెడిపోతే పోశయ్య దగ్గరికి వెళ్లాలి. వెళ్లినవాళ్లు ఆయన చెప్పినట్టు వినాలి. ఈ రెండో సంగతి తెలియక వెళ్లిన పెద్దమనుషులు చాలామంది మొహం మాడ్చుకుని తిరిగొచ్చారు. పంక్చర్ వేయమని అడిగినా సరే, ముందు సైకిలెక్కి దుకాణం ముందు నాలుగు చక్కర్లు కొట్టమంటాడు. తాను గొంతుక్కూర్చుని, తొక్కేవాళ్ల మోకాళ్ల వంకే చూస్తాడు. ఆ తర్వాత పానా తీసి, ఎవరూ అడగని సీటును పైకో కిందికో జరుపుతాడు. పంక్చర్ సంగతి అప్పుడు గుర్తొస్తుంది.

ఈ అలవాటు ఊళ్లో బొగ్గు గనులు తెరిచిన కొత్తలో పట్టింది. మహదేవపూర్ పక్కనున్న పల్లె నుంచి ఒక గాలిపంపు, ఒక నీళ్ల టబ్బు, నీడకు కట్టుకునే ఒక తాడిపత్రి పట్టుకుని వచ్చాడాయన. పొద్దటి షిఫ్టుకు వెళ్లే కార్మికుల సైకిళ్లు అప్పట్లో దుకాణం ముందు బారులు తీరేవి. పొడుగు మనిషికి సీటు పైకి, పొట్టి మనిషికి కిందికి. పెడల్ అడుగుకు దిగినప్పుడు కాలు కాస్త వంపు మిగిలి నిటారు కావాలి. ఇదీ ఆయన శాస్త్రం. దాన్ని కాదన్నవాడు లేడు, కాదన్నవాడి సైకిల్ ఆయన ముట్టడు కాబట్టి. ఇప్పుడు కార్మికులు మోటారు బండ్లెక్కారు. వాళ్ల సైకిళ్ల బదులు సన్న టైర్లు, వంపు హ్యాండిళ్లున్న రోడ్డు సైకిళ్లు వచ్చాయి. పోశయ్య వాటినీ విప్పి, మళ్లీ బిగించి, ఎవరినీ అడక్కుండానే నేర్చుకున్నాడు. అడగడమంటే ఆయనకు నామోషీ.

అలాంటి పోశయ్యను ఓడించిన మోకాలు ఒకటుంది. అది ప్రియది.

ప్రియ మహబూబాబాద్ దగ్గరి తండాలో దేవ్యా కూతురు. ఇక్కడి దవాఖానలో నర్సు. మనిషి నాలుగడుగుల పది అంగుళాలు, పట్టుదల ఆరడుగులు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఓ ఇంజనీరు దగ్గర పాత రోడ్డు సైకిల్ కొనుక్కుని, డ్యూటీకి ముందు పొద్దున్నే హైవే మీద తొక్కేది. ఆమె వేగం చూసి సైకిల్ పందేల జట్టుకు శిక్షణ ఇచ్చే ప్రతాప్ సారు ఆగి మరీ పేరడిగాడు. నిరుడు జనగామలో జట్టు ఎంపికకు పెట్టిన పందెంలో సగం దూరం వరకు మంచి వేగంతో వెళ్లి, మోకాలు పట్టేసి మధ్యలో దిగిపోయింది. ఈసారీ దిగితే పేరు కొట్టేస్తానని సారు ముందే చెప్పాడు. ఎంపికకు ఇంకా ఏడు వారాలున్నాయి.

ప్రియ మొదటిసారి వచ్చినప్పుడు పోశయ్య చక్కర్లు కొట్టించి, సీటు తక్కువైందని తేల్చి, పైకి లేపాడు. వారానికి మోకాలి వెనక నొప్పి మొదలైంది. ముందున్న నొప్పి వెనక్కి వెళ్లిందంటే దారిలో పడ్డట్టేనని సర్దిచెప్పి, కొద్దిగా కిందికి దించాడు. ముందు నొప్పి తిరిగొచ్చింది. ఇలా ఆ సీటు నెలరోజులు పైకీ కిందికీ తిరిగింది. సీటు పైకుంటే అడుగున పెడల్ అందక నడుము అటూ ఇటూ ఊగుతుంది. కిందికుంటే పైకొచ్చిన మోకాలు కడుపును తాకుతుంది. ఆమె పనిచేసే దవాఖానలో డాక్టరమ్మ అయితే సైకిలే మానేయమంది. పోశయ్యకు వేరే మాట తోచక, బిడ్డా, నీ కాళ్లే జర పొట్టిగున్నయి అన్నాడు. ఆ అమ్మాయి తల వంచుకుని సైకిల్ నడిపించుకుంటూ వెళ్లింది. ఆ వెళ్లడం పోశయ్యకు నచ్చలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడోనాడు శ్రేయ అనే బడిపిల్ల తన కొత్త సైకిల్‌ను చైను మార్చడానికి వదిలి వెళ్లింది. అదీ రోడ్డు సైకిలే, పిల్లల కొలత. దాన్ని తలకిందులుగా నిలబెట్టి కాడలు తుడుస్తున్నాడు పోశయ్య. పెడల్‌ను మోసే ఆ లోహపు చేతిని ఊరంతా క్రాంక్ అంటుంది. గొడ్డలికి కాడ ఉన్నట్టే పెడల్‌కూ కాడ ఉంటుందని ఈయన ఒక్కడే కాడ అంటాడు. ఆ కాడ లోపలి వైపు, పెడల్ మర పక్కన, చిన్న అక్షరాల్లో 165 అని చెక్కి ఉంది.

పోశయ్య ఆ అంకెల్ని కొత్తగా చూడలేదు. పదేళ్లుగా ప్రతి రోడ్డు సైకిల్ మీదా ఏదో ఒక అంకె చూస్తూనే ఉన్నాడు. ఫ్యాక్టరీవాళ్ల లాటు నంబరనుకుని, గుడ్డతో మసి తుడిచి వదిలేసేవాడు. కాని ప్రియ సైకిల్ మీద 172.5 ఉండడం ఆయనకు బాగా గుర్తుంది. లాటు నంబరులో అర ఎందుకుంటుంది? ఆ ఒక్క అర ఆయన్ని పట్టుకుంది. స్కేలు తీసి పెడల్ మర నడిమి నుంచి కాడలు తిరిగే యాక్సిల్ నడిమి వరకు కొలిచాడు. సరిగ్గా పదహారున్నర సెంటీమీటర్లు, అంటే 165 మిల్లీమీటర్లు వచ్చింది.

ఆయన తల కొట్టేసినట్టయింది. ముప్పై అయిదేళ్లుగా సీటు మారుస్తున్నాడు, హ్యాండిల్ మారుస్తున్నాడు, ఈ ఒక్క కాడకు మాత్రం కొలతలుంటాయని ఊహించనే లేదు. కార్మికుల సైకిళ్లన్నిటికీ ఒకటే కాడ. ఆరడుగుల వాడూ అయిదడుగుల వాడూ దాన్నే తొక్కారు. అది సైకిల్‌తో పాటు పుట్టిందనుకున్నాడు. ఇంజనీరు పొడుగు మనిషి. ఆయన కొలతకు చేసిన కాడల మీద ఈ పిల్ల అంత పెద్ద చుట్టు చుడుతోంది. పైన మోకాలికి చోటిస్తే కింద కాలు అందదు, కింద అందిస్తే పైన చోటుండదు. సీటు ఎంత జరిపితే మాత్రం ఏం లాభం?

ఎవరినీ అడగని మనిషి ఆ మధ్యాహ్నం హైదరాబాద్‌లోని పెద్ద సైకిల్ దుకాణానికి ఫోన్ చేసి, పొట్టి కాడలు దొరుకుతాయా అని అడిగాడు. కాడలంటే ఏమిటో అవతలివాడికి అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. 155 దొరుకుతుందన్నాడు. వారంలో డబ్బా వచ్చింది. విప్పి చూస్తే కొత్త చిక్కు. ప్రియ సైకిల్‌కున్న పాత యాక్సిల్ నాలుగు పలకల సన్న కడ్డీ. కొత్త కాడకు యాక్సిల్ అతికే వచ్చింది. లావుగా, గుండ్రంగా, లోపల బోలుగా ఉంది. పాత బేరింగులో అది దూరదు.

ఎంపికకు తొమ్మిది రోజులే ఉన్నాయి. లేత్ మిషన్ మీద తొడుగులాంటి బుష్ ఒకటి చేయించి ఎలాగో కూర్చోబెడదామని ఆయన చేతులు తహతహలాడాయి. గనుల వర్క్‌షాపు పక్కన బతికిన చేతులు మరి. కాని అప్పటికే ఒకసారి తన తెలివి ఆ పిల్ల మోకాలిమీద పడింది. ఇంకోసారి వద్దనుకుని, మళ్లీ ఫోన్ చేసి, ఆ యాక్సిల్‌కు జోడైన బేరింగు కప్పులే పంపమన్నాడు. అవి బుధవారం వచ్చాయి.

ప్రియను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. పాత బేరింగు ఊడదీసి, గొట్టం లోపలి మరలను కిరోసిన్‌తో, పళ్ల బ్రష్‌తో కడిగి, తుడిచి, గ్రీజు రాశాడు. కుడివైపు కప్పుకు మర ఉల్టా ఉంటుంది, దాన్ని ఎడమకు తిప్పితే బిగుస్తుంది. రెండు కప్పులనూ ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పి, ఆ తర్వాతే పానా పట్టాడు. కాడ తొడిగి ఒక్క వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది. కాడ ఎంత తగ్గిందో సీటును అంత లేపాడు, వేలి మందం. ఇదంతా అయ్యాక, చేతులు తుడుచుకుంటూ, ఇన్నేళ్లలో ఎవరితోనూ అనని మాట అన్నాడు.

“తప్పు నాదే బిడ్డా. ఆ అంకె రోజూ చూస్తనే ఉన్న. సదవలే.”

ప్రియ ఎక్కి చక్కర్లు కొట్టింది. మోకాలు కడుపుకు అందలేదు, నడుము ఊగలేదు. పాత కాడంత బలం దొరకడం లేదంది. గేరు తేలిక చేసి కాళ్లు జోరుగా తిప్పమని, రెండు రోజుల్లో అలవాటవుతుందని చెప్పాడు. చెప్పాడే కాని ఆయనకూ నమ్మకం లేదు.

ఆదివారం దుకాణం మూసి, బస్సెక్కి జనగామ వెళ్లాడు. దుకాణం మూశాడంటే ఇంట్లో భార్య ఈదమ్మ మొదట నమ్మలేదు. పందెం ముగిసేచోట జనం ఉంటారని, ఊరి బయట నిరుడు ప్రియ దిగిపోయిన ఎత్తు రోడ్డు దగ్గర నిలబడ్డాడు. ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలి సమయం లెక్కిస్తున్నారు. ఎవరి సమయం ఎంతో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ప్రియ వచ్చింది. ఆయన ఆమె మొహం చూడలేదు, మోకాళ్లే చూశాడు. రెండూ ఒకే ఎత్తుకు లేచి, ఒకే ఎత్తుకు దిగుతూ, ఎత్తు మీదికి ఎక్కిపోయాయి. ఈసారి ప్రియ దిగలేదు. పోశయ్యకు ఎంత సంతోషం కలిగిందంటే, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత తన పని అయిపోయిందనుకుని బస్టాండుకు బయల్దేరాడు.

బస్టాండులో టీ తాగుతుంటే ప్రియ సైకిల్ మీదే వచ్చింది. చెమట ఇంకా ఆరలేదు. నలుగురిని తీసుకుంటే తాను నాలుగోదాన్నని చెప్పింది.

పోశయ్య తల ఊపి, మోకాలు ఎట్లున్నదని అడిగాడు.

“నొస్తలేదు కాకా,” అంది ప్రియ. “చిన్నప్పటి సంది నా కాళ్లే పొట్టియని అందరన్నరు. నేను గూడ గదే అనుకున్న. సైకిలే నాకు పొడుగున్నదని ఎవ్వరు చెప్పలే.”

“నీ కాళ్లు మంచిగనే ఉన్నయి,” అన్నాడు పోశయ్య.

ఆ మాటకు ఆ పిల్ల ఏడ్చింది. పోశయ్య ఇంకో టీ చెప్పాడు. బస్సు వచ్చి వెళ్లిపోయినా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.